టాపు లేని కారు

దువ్వాడ,
29 సెప్టెంబర్ 2024

దుర్గారావుకి,

ఆ రోజు ఏం జరిగిందో మొత్తం రాయమన్నావు. ఫోన్లో నేను సరిగ్గా చెప్పలేకపోయాను. రాస్తున్నాను.

సెప్టెంబర్ పదకొండు, బుధవారం. మీ అప్ప అనూ ఐదున్నరకి లేచింది. అర గ్లాసు కాఫీ తాగింది. ఏడింటికి కిందికి తీసుకెళ్లమంది. డాక్టరు మెట్లు వద్దన్నాడు గానీ లిఫ్టు వద్దనలేదు కదా అంది. సెల్లార్లో కారు మీది గుడ్డ తీశాను. సీట్లు ఇంకా బిగించలేదు. స్టీరింగు ముందు దిండు వేస్తే దాని మీద కాసేపు కూర్చుంది.

ఆ కారు నీకు తెలుసు. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో పాత బంగళా పడగొడుతుంటే షెడ్డులో దొరికిన 1966 నాటి ఎంజీ మిడ్జెట్. రెండే సీట్లు, మడిస్తే వెనక్కి పోయే గుడ్డ టాపు. పదమూడేళ్ల కిందట మీ అప్ప దాన్ని తుప్పుతో సహా కొంటే లారీ మీద తాళ్లు కట్టింది నువ్వే.

తరువాత దిగి, మగ్గుతో నీళ్లు, రేకు రుద్దే వాటర్ పేపరు అడిగింది. ఎడమ తలుపు మీద జానెడు మేర రుద్దింది. ఆ జానెడు ఇప్పటికీ నున్నగా ఉంది. చుట్టూ గరుకు.

రంగు మాట వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు ఎరుపు, అదే వేద్దాం అన్నాను. "ఎరుపు వద్దు. దుర్గని అడుగు, వాడికి తెలుసు. ఇది అమ్మని ఎక్కించుకుని వెళ్లే కారు" అంది. ఎందుకని నేను అడగలేదు. తరువాత అడగొచ్చు అనుకున్నాను.

పదకొండింటికి ఆయాసం మొదలైంది. పదకొండు నలభైకి ఆస్పత్రి. నాలుగు గంటల పది నిమిషాలకి అయిపోయింది. చేతులకి సూదులు ఉన్నాయి. నేను కాలి బొటనవేలు పట్టుకున్నాను.

సాయంత్రం ఇంటికి తెచ్చాక అత్తగారు వచ్చారు. నాలుగు అంతస్తులూ మెట్లెక్కి వచ్చారు. లిఫ్టు పనిచేస్తూనే ఉంది.

నీ కోసం అంత్యక్రియలు ఆపలేదని నీకు కోపం. నీ బోటు ఎప్పుడు ఒడ్డుకి వస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు.

నేర్చుకున్న అక్షరాలు మర్చిపోకుండా నెలకో ఉత్తరం రాయాలని నీకు నియమం పెట్టింది మీ అప్ప. ఈ నెల ఆమె రాయాల్సింది నేను రాశాను. ఇకమీదట కూడా రాస్తాను. కారు పూర్తి చేస్తాను. ఏ రంగో చెప్పు.

అర్జునరావు


వేరావల్ రేవు,
16 అక్టోబర్ 2024

బావకి దుర్గారావు నమస్కారం.

నీ ఉత్తరం ఓనరుగోరి ఆఫీసులో మూడ్రోజులు పడున్నాది. సదివినాను. రెండోసారి సదవలేకపోనాను.

అప్ప అయితే నా ఉత్తరంలో తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపీది. నువ్వు దిద్దకు బావా. నాను మాటాడినట్టే రాత్తాను.

నీకొక మాట సెప్పలేదు. వైర్‌లెస్‌లో బోటు నడిపీ మా తండేలుకి వొచ్చిన కబురు ఏటంటే "దుర్గారావు ఇంట్లో ఎవులో ఆడమనిసి పోనాది" అని. ఎవులో సెప్పలేదు. అమ్మే అనుకున్నాను. పన్నెండు రోజులు, వల లాగుతూ, అమ్మ కోసం ఏడ్సినాను. ఒడ్డుకొచ్చి ఫోన్ సేత్తే అమ్మే ఎత్తింది. "అమ్మా" అని నవ్వీసినాను బావా. నవ్వీసినాక సెప్పింది.

రంగు సంగతి నాకేటి తెలుసు? ఇంజిన్ రూములో పనిసేసీవోణ్ని. అయినా ఇప్పుడు కారేటి? అప్ప కోసం కదా అది. అప్పే లేదు. ఆ ఇనప ముక్క కాడ కూకుని నువ్వు సిక్కిపోతన్నావని మా ఇంటిది నాగమణి సెప్పింది. గుడ్డ కప్పీ. బువ్వ తిను.

ఇక్కడ సేపలు బాగానే పడతన్నాయి. ఎండలు ఇంకా తగ్గలేదు. రొట్టెలు తిని తిని నోరు సచ్చిపోనాది.

ఉంటాను,
దుర్గ


దువ్వాడ,
8 నవంబర్ 2024

దుర్గారావుకి,

గుడ్డ కప్పను.

కారు అడుగు భాగం మొత్తం జల్లెడ అయిపోయింది. కోసేసి కొత్త రేకు వెల్డింగు చేయించాను. స్టీల్ ప్లాంటులో ముప్పై రెండేళ్లు నా పని తుప్పు ఎక్కడ పడుతుందో చూడటం. బయటి వాళ్లకి ఇనుము కనిపిస్తుంది. నాకు ముందు తుప్పు కనిపిస్తుంది. నువ్వు ఇనప ముక్క అన్నావు. ఫర్వాలేదు, ఇనుమే.

మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి సూర్యకాంతమ్మ గారు. మూడో అంతస్తు, రిటైరైన హెడ్మిస్ట్రెస్. నీకు ఆవిడ గుర్తుండే ఉంటుంది. మొన్న సెల్లార్లోకి దిగి వచ్చింది.

"అర్జునరావు గారూ, ఇది సెల్లారా, షెడ్డా?"

"సెల్లారేనండీ."

"థిన్నరు వాసన మా పూజగదిలోకి వచ్చేస్తోంది. అగరుబత్తి వెలిగించాలంటే భయంగా ఉంది."

"రెండు రోజులు వెలిగించకండి."

"సంఘానికి కోశాధికారి మీరు! మీరే ఇలా మాట్లాడితే మిగతావాళ్లకి ఏం చెప్పను?"

"థిన్నరు అని చెప్పండి."

మర్నాడు నోటీసు అంటించింది, కారు అద్దం మీదే. సెల్లార్లో రంగుపని నిషేధం అని. కాగితం మందంగా, బాగుంది. హెడ్‌లైట్ల మీద, రంగుకి ముందు వేసే ప్రైమరు పడకుండా చుట్టడానికి వాడాను.

మీ అప్ప పోయింది కాబట్టి కారు ఆపాలన్నావు. ఆమె ఉన్నప్పుడు నేను ఒక్క రోజు కూడా వాటర్ పేపరు పట్టలేదు. కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కూర్చునేవాణ్ని. ఇప్పుడు పడుతున్నాను. ఆపను.

రంగు ఏదో నువ్వు ఇంకా చెప్పలేదు.

అర్జునరావు


వేరావల్,
28 నవంబర్ 2024

బావకి,

నువ్వు పెద్దోడివి, సదువుకున్నోడివి. నాతో ఒకటి రాసి, అక్కడ ఒకటి సేత్తావనుకోలేదు.

నాగమణి మొన్న అమ్మ పంపిన ఎండుసేపలు ఇద్దారని మీ ఇంటికొచ్చింది. సెల్లార్లో ఎవులో కళ్లద్దాలాయన టేపెట్టి కారు కొలుత్తన్నాడంట. ఫోటోలు తీత్తన్నాడంట. నువ్వు పక్కనే సేతులు కట్టుకుని నిలబడున్నావంట. నాగమణి పలకరించకుండానే సంచి వాచ్‌మన్‌కి ఇచ్చీసి వొచ్చీసింది. దానికి ఏడుపొచ్చీసిందంట.

అందుకేనా కొత్త రేకులు, ప్రైమర్లు? అందంగా సేసి అమ్ముకోడానికా? అమ్ముకో బావా. నీ ఇంట్లో ఉన్నాది, నీ ఇష్టం. కానీ "అమ్మని ఎక్కించుకుని వెళ్లే కారు" అని అప్ప మాట నాకు రాసి మరీ అమ్మడమెందుకు? రంగు నన్నడగడమెందుకు? కొనుక్కున్నోడిని అడుగు.

మా వోళ్లంటే మీకు ఎప్పుడూ నామోసీయే. పెళ్లప్పుడే సూసినాను.

దుర్గ


దువ్వాడ,
14 డిసెంబర్ 2024

దుర్గారావుకి,

కారు అమ్మడం లేదు.

ఆ వచ్చినాయన పేరు జయంత్. హైదరాబాదులో పాత కార్లు పోగుచేస్తాడట. పక్క బ్లాకులో ఎవరో ఫోటో తీసి ఎక్కడో పెడితే చూసి వచ్చాడు. నేను పిలవలేదు. ధర చెప్పబోతే చెప్పొద్దన్నాను. ఎడమ తలుపు దగ్గర వంగి, మీ అప్ప రుద్దిన జానెడు మీద వేలు పెట్టి, "ఇది సరిగ్గా రాలేదు సార్, మళ్లీ చేయించాలి" అన్నాడు. గేటు ఎటో చూపించాను.

చేతులు కట్టుకున్నది నిజమే. విప్పితే ఏం చేస్తానో నాకే తెలియలేదు.

ఎండుచేపలు అందాయని నాగమణికి చెప్పు. రెండో రోజే అయిపోయాయి. వేయించినప్పుడు వాసనని సూర్యకాంతమ్మ గారు మళ్లీ వచ్చింది. తలుపు తీయలేదు.

రిజిస్ట్రేషను కాగితం మీ అప్ప పేరునే ఉంది. మార్చలేదు. మార్చను.

నువ్వు గుడ్డ కప్పమన్నావు. తరువాత అమ్ముకోమన్నావు. నేను అడిగింది మాత్రం చెప్పలేదు. నీకు తెలుసని మీ అప్ప అంది. ఆమె ఊరికే అనే మనిషి కాదు. ఆలోచించు.

అర్జునరావు


వేరావల్,
9 జనవరి 2025

బావకి నమస్కారం.

తప్పు నాదే. నాగమణిని కూడా తిట్టినాను. అది నన్ను తిరిగి తిట్టింది. సరిపోనాది.

రంగు తెలిసింది బావా.

నిన్న మా బోటుకి రంగేత్తన్నారు. అయిపోవొచ్చినాక డబ్బాల్లో అడుగున మిగిలినవన్నీ మా తండేలు ఒక బకెట్లో పోసి కర్రెట్టి కలిపీసినాడు. నాను అటే ఎల్తన్నాను. ఆ బకెట్టు సూసి నిలబడిపోనాను. "ఏటిరా, దెయ్యాన్ని సూసినావా?" అన్నాడు తండేలు. మా అయ్యని సూసినాను అన్నాను.

నీకు అయ్య తెలీదు. పెళ్లికి ముందే పోనాడు. అప్పట్లో ఓడలకి వెయ్యగా మిగిలిన రంగులు పోర్టు గేటు బయట అమ్మీవోరు. ఎవులికి కావాల్సిన రంగు ఆళ్లు కొనుక్కునీవోరు. మా అయ్య మాత్రం ఎవులూ కొనని అడుగు రంగులన్నీ తెచ్చి, ఒక డ్రమ్ములో పోసి, తెడ్డుతో కలిపీవోడు. ఏ రంగొస్తే అదే పడవకి. పచ్చ కాదు, నీలం కాదు. పేటంతా నవ్వీవోరు, "నూకరాజు పడవకి పాచి పట్టింది" అని. అయ్య పట్టించుకుంటేనా? కానీ సాయంత్రం పడవలు తిరిగొస్తంటే ఒడ్డున అందరి కంటే ముందు అప్పే గుర్తుపట్టీది. నలకంత ఉన్నప్పుడే "అదిగో మనది" అని గెంతీది.

అదే బావా రంగు. ఇంకోటి అయ్యుండదు.

తుపానుకి పడవ పోనాది. దాని సెక్క ముక్క ఒకటి అమ్మ పీట సేయించుకుంది. సేపలమ్మడానికి కూకునే పీట అదే. పైన అరిగిపోనాది. కిందేపు సూడు.

దుర్గ


దువ్వాడ,
4 ఫిబ్రవరి 2025

దుర్గారావుకి,

పీట చూశాను.

జాలరిపేట వెళ్లేసరికి అత్తగారు కోనాం చేప ముక్కలు కోస్తున్నారు. పీట ఒకసారి ఇవ్వమన్నాను. "ఏటి బాబూ, ఆ మూల కుర్సీ ఉన్నాది, కూకో" అన్నారు. కూర్చోడానికి కాదు, కింద చూడాలి అన్నాను. లేచి తిప్పి చూపించారు. తరువాత పక్కనున్న ఆవిడతో అన్నారు: "మా అల్లుడుగోరు పీటకి పెళ్లిసూపులు సూత్తన్నారే." ఇద్దరూ చాలాసేపు నవ్వారు. పీట సాయంత్రానికి తిరిగి ఇవ్వాలన్న షరతు మీద ఇచ్చారు.

గాజువాకలో గవర్రాజు అని రంగుల షాపు ఆయన ఉన్నాడు. రంగు చూసి కలిపే మెషీను ఉంది. పీట చూసి ముక్కు పట్టుకున్నాడు.

"సార్, మెషీను వాసన చూడదు గానీ నేను చూస్తాను కదా. దీనికి స్నానం చేయించి తేవాల్సింది."

"దీని యజమాని ఒప్పుకోదు."

"ఈ రంగుకి పేరేంటి సార్?"

"లేదు."

"పేరు లేకపోతే కంప్యూటర్ తీసుకోదు సార్."

"నూకరాజు అని కొట్టు."

అదే పేరుతో కలిపాడు. డబ్బా మూత మీద అదే రాశాడు.

గత నెల 26న మధ్యాహ్నం మూడింటికి వేశాను. కంప్రెసరు, రంగు చల్లే గన్ను అద్దెకి తెచ్చాను. తేమ మీటరు చూసుకునే మొదలుపెట్టాను. ఐదింటికి కారు మొత్తం మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర వచ్చింది. మళ్లీ అంతా గీకుతున్నాను. ఎడమ తలుపు మీద జానెడు మాత్రం ఎంత లోతు గీకాలో చూసుకుని, చేత్తోనే తీశాను.

అత్తగారు ఒక మాట చెప్పారు. ఏప్రిల్ పదిహేనున వేట నిషేధం మొదలైతే గంప దించేస్తారట. మళ్లీ ఎత్తరట. మోకాళ్ల నొప్పులు, ఇక వల్లకాదంటున్నారు.

కాబట్టి నా ఆలోచన ఇది. నువ్వు జూన్‌లో వస్తావు. అప్పటికి కారు సిద్ధం. సీట్లకి తేనె రంగు తోలు కుట్టించాను. అత్తగారికి కొత్త చీర తీసుకుంటాను. గంప ఇంటి దగ్గరే వదిలేసి, హాయిగా, ఒక పెద్దమనిషిలా బీచ్ రోడ్డు మీద తిరిగొద్దాం. నువ్వు చెబితే వింటారు. చెప్పు.

అర్జునరావు


వేరావల్,
26 ఫిబ్రవరి 2025

బావా,

గంప ఇంటి కాడ వొదిలేసి, పెద్దమనిసిలాగా. నువ్వే రాసినావు ఈ మాట. నాలుగుసార్లు సదివినాను.

గంపతో ఉంటే మా అమ్మ పెద్దమనిసి కాదా? ఆ గంపే అప్పని కాలేజీ దాకా సదివించింది. ఆ గంప తెచ్చిన పిల్లనే నువ్వు సేసుకున్నావు.

అప్ప ఆ కారు ఎందుకు కొన్నాదో నీకు తెలీదా? ఇరవై తొమ్మిదేళ్లు ఒక ఇంట్లో ఉండి తెలీదా? అయితే నాను సెప్తాను ఇను.

అప్పకి తొమ్మిదేళ్లు. నాకు నాలుగు. తగరపువలస సంతకి అమ్మ గంపతో, మేమిద్దరం అమ్మ కొంగట్టుకుని బస్సెక్కినాం. రుషికొండ దాటినాక ఎవులో వాసనన్నారు. కండక్టరు బస్సాపి, గంపని కిందెట్టీసినాడు. తరవాత మమ్మల్ని దించినాడు. మట్ట మధ్యాన్నం. సేపలు పాడైపోతాయని అమ్మ నడిసింది, దరిదాపు పరుగే. నాను ఏడుత్తన్నాను. అప్పుడు మా పక్కనుంచి ఒక కారెల్లింది. టాపు లేని కారు, రెండే సీట్లు. ఎవులో దొరసాని తోలుతన్నాది, జుత్తు గాల్లో ఎగురుతన్నాది. అప్ప ఆగిపోయి సూసింది. అమ్మతో ఏటన్నాదో ఇప్పటికీ అమ్మ సెప్తాది: "అమ్మా, పెద్దయ్యాక నిన్ను అలాంటి దాన్లో తీసుకెల్తాను. దానికి పైన ఏటీ లేదు. వాసన గాలికెల్లిపోద్ది. మనల్ని ఎవులూ దించరు."

అందుకు బావా టాపు లేని కారు. నువ్వేమో గంప వొదిలేసి రమ్మంటన్నావు.

ఇంకోటి కూడా సెప్పీత్తాను. నాలుగేళ్ల కింద మీ లిఫ్టు కాడ బోర్డెట్టినారు, సేపల గంపలు లిఫ్టులో తేకూడదని. మీ బిల్డింగ్‌కి గంపతో వొచ్చీది మా అమ్మ ఒక్కత్తే. అప్పట్నించి మీ ఇంటికి రావడం మానీసింది. అప్ప పోనాక వొచ్చింది సూడు, అప్పుడు గంప లేదు. అయినా మెట్లే ఎక్కింది. ఎందుకమ్మా అనడిగితే "ఆళ్లు వొద్దన్నది గంపని కాదురా, నన్ను" అన్నాది.

రంగు సంగతి. మధ్యాన్నం మూడింటికి సముద్రం గాలి తిరిగీసుంటాది. అది తడిగాలి. ఏ జాలరోడూ ఆ టైములో పడవకి రంగెయ్యడు. సెల్లారు వొద్దు, అది నుయ్యి. బయట ఎండలో ఎట్టు. మంచు ఆరినాక మొదలెట్టి, నేల మీంచి గాలి ఉండగానే ముగించీ. ఎనిమిది నించి పదిలోపు. అయ్య అలాగే వేసీవోడు.

కోపంగా ఉన్నాను. అయినా రాత్తన్నాను, అప్ప నియమం కాబట్టి.

దుర్గ


దువ్వాడ,
18 మార్చి 2025

దుర్గారావుకి,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. మూడు రాసి చింపాను.

నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఇంజను శబ్దం ఇష్టమేమో అనుకున్నాను. నేను అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో అడగాల్సినవి చాలా అడగలేదు.

లిఫ్టు బోర్డు గురించి నువ్వు రాసింది నిజం. అందులో నీకు తెలియనిది ఒకటుంది. ఆ బోర్డు మీది తీర్మానం కింద మూడు సంతకాలు ఉన్నాయి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. మూడోది నాది. మీటింగులో ఎవరూ అత్తగారి పేరు ఎత్తలేదు. అందరూ ఆవిడ గురించే మాట్లాడుతున్నారని నాకు తెలుసు. కాగితం నా ముందుకి వచ్చింది. గొడవెందుకని పెట్టేశాను.

మీ అప్ప బోర్డు చూసింది. సంతకం చూసింది. మర్నాడు ఉదయం సెల్లార్లోకి దిగి, తొమ్మిదేళ్లుగా మూలపడి ఉన్న కారు మీద గుడ్డ తీసి తుప్పు గీకడం మొదలుపెట్టింది. నేను కుర్చీ వేసుకుని పేపరు చదివాను. ఆ రెండింటికీ సంబంధం ఉందని నీ ఉత్తరం చదివే దాకా నాకు తోచలేదు.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు క్షమించాల్సి వస్తుంది.

రంగు వేశాను. తొమ్మిదో తారీకు, ఆదివారం. కారుని చేతులతో తోసుకుంటూ సెల్లార్లోంచి బయటికి తెచ్చి, బిల్డింగు ముందు, అందరి బాల్కనీలకీ ఎదురుగా పెట్టాను. ఎనిమిదికి మొదలు. సూర్యకాంతమ్మ గారు పైనుంచి అరిచింది.

"పోలీసుల్ని పిలుస్తాను అర్జునరావు గారూ!"

"పదింటి తరువాత పిలవండి. ఇప్పుడు గాలి బాగుంది."

మూడు కోట్లు. తొమ్మిది యాభైకి గన్ను కింద పెట్టాను. పదకొండింటికి గాలి తిరిగింది. అప్పటికి వేలికి అంటడం లేదు. తెల్లబడలేదు. పచ్చా కాదు, నీలమూ కాదు. మీ నాన్నగారి లెక్క తప్పలేదు.

టాపు గుడ్డ, దాని ఇనప చట్రం తీసేశాను. చట్రం బిగించే కొక్కేలు కూడా కోసేశాను. ఇక ఎవరూ దానికి టాపు వెయ్యలేరు. సీట్ల వెనక వచ్చిన ఖాళీ కొలిచాను. ఇరవై నాలుగు అంగుళాలు. అత్తగారి గంప వెడల్పు ఎంతో కనుక్కుని రాయి.

జూన్ దాకా ఆగను. ఆవిడ గంప దించక ముందే వెళ్లాలి.

అర్జునరావు


వేరావల్,
2 ఏప్రిల్ 2025

బావా,

గంప ఇరవై రెండు అంగుళాలు. నాగమణి కొలిసింది.

నీ సంతకం సంగతి సదివినాక సముద్రంలోకెల్లిపోనాను, అయిదు రోజుల వేటకి. తిరిగొచ్చి మళ్లీ సదివినాను. కోపం తగ్గలేదు. కానీ నువ్వు రాయకపోతే నాకెప్పటికీ తెలిసీది కాదు. అదొకటి ఉన్నాది.

అమ్మకి నాను ఫోన్లో ఏటీ సెప్పను. కారు సంగతి, సంతకం సంగతి, రెండూ నువ్వే ఎల్లి సెప్పాలి. ముందు సంతకం. తరవాత కారు. అటుదిటు సేసినావంటే అమ్మ కారెక్కినా నాను ఒప్పుకోను.

ఎక్కనంటే బతిమాలకు. మా అమ్మకి బతిమాలీవోళ్లంటే పడదు.

దుర్గ


దువ్వాడ,
13 ఏప్రిల్ 2025

దుర్గారావుకి,

ముందు సంతకమే చెప్పాను.

ఈ ఉదయం కారులోనే జాలరిపేట వెళ్లాను. సందు చివర ఆపి నడిచి వెళ్లాను. అత్తగారు పీట మీద కూర్చుని వంజరం శుభ్రం చేస్తున్నారు. ఎదురుగా నేల మీద కూర్చున్నాను. బోర్డు కింద సంతకం నాదే అన్నాను.

కత్తి ఆపలేదు. "తెలుసు" అన్నారు.

"అనూ చెప్పిందా?"

"అదెందుకు సెప్తాది? మొగుడి మాట బయటెట్టే రకమా అది? నీ ముకమే సెప్పింది బాబూ. బోర్డెట్టిన కాడ్నించీ నా కళ్లలోకి సూసినావా ఒక్కపాలైనా?"

చూశాను. అప్పుడు కత్తి కింద పెట్టారు.

తరువాత కారు గురించి చెప్పాను. వెంటనే అడగడం మొదలుపెట్టారు.

"నా గంప ఎక్కడెడతావు?"

"మీ వెనకాల. ఇరవై నాలుగు అంగుళాలు ఖాళీ ఉంది."

"వానొస్తే?"

"తడుస్తాం."

"తోలు సీట్లంట, నాగమణి సెప్పింది. పాడైపోతాయి."

"పోనివ్వండి."

"వాసనొత్తాది బాబూ."

"రావాలి."

పక్కింటావిడ వింటోంది. "ఓలమ్మ, గురువమ్మా, టిక్కెట్టెంతో అడుగు" అంది. "నాను బేరమాడకుండా దేనికీ ఒప్పుకోనే. ముందు బండి సూడాలి" అని అత్తగారు లేచారు. మోకాలి మీద చెయ్యి వేసుకుని సందు చివరి దాకా నడిచారు. కారు చూశారు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. ఎండకి కాలుతోంది, అయినా తీయలేదు. "నలకంత ఉన్నప్పుడే గుర్తుపట్టీసేది" అన్నారు. ఎవరి గురించో నేను అడగక్కర్లేదు.

తిరిగి వెళ్తూ, "రేపు ఆకరి వేట. ఎల్లుండి నించి బంద్. మంచి సేప రేపే. ఆలీసెమైతే నాను ఆటోలో ఎల్లిపోతాను, సూసుకో" అన్నారు.

నిన్న సంఘం మీటింగు జరిగింది. బోర్డు తీసేయాలని తీర్మానం పెట్టాను. ఎవరి గురించి ఆ బోర్డు పెట్టామో ఈసారి పేరుతో చెప్పాను. చేతులెత్తమంటే నలుగురు ఎత్తారు. తొమ్మిది మంది ఎత్తలేదు. తీర్మానం వీగిపోయింది. "నియమం నియమమే కదండీ" అంది సూర్యకాంతమ్మ గారు, కొంచెం మెత్తగానే. రాజీనామా కాగితం ఇచ్చేసి కిందికి వచ్చాను. డబ్బాలో కాస్త రంగు మిగిలింది. బ్రష్షుతో బోర్డు మీద నా సంతకం కొట్టేశాను. గేటు దగ్గర నుంచి కూడా ఆ గీత కనిపిస్తోంది.

ఎడమ తలుపు సంగతి నీకు చెప్పలేదు. రంగు మూడు కోట్లు పడినా, వాలు వెలుతురులో ఆ జానెడు తెలుస్తుంది. మిగతా కారంతా ఆమె తుప్పు గీకాక నేను రుద్దింది. అది ఆమె రుద్దింది. జయంత్ అన్నట్టు మళ్లీ చేయించి ఉంటే తెలిసేది కాదు. అత్తగారు ఎక్కేది ఆ తలుపు నుంచే.

ఈ ఉత్తరం రేపు దారిలో భీమిలి పోస్టాఫీసు దగ్గర డబ్బాలో వేస్తాను.

రేపు పొద్దున్న మూడున్నరకి లేస్తాను. నాలుగింటికి కారు తీస్తాను. ఐదింటికి జాలరిపేటలో ఉంటాను. గంప వెనకాల, అత్తగారు పక్కన. బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ, భీమిలి దాటి తగరపువలస సంతకి వెళ్తాం. మిమ్మల్ని దించేసిన చోటు ఆవిడని అడిగి, అక్కడ ఆపకుండా పోనిస్తాను. చేపలు అమ్ముడయ్యాక ఆవిడని దువ్వాడ తీసుకొస్తాను. గంప నేను ఎత్తుకుంటాను. ఇద్దరం లిఫ్టు ఎక్కి నాలుగో అంతస్తుకి వెళ్తాం.

అర్జునరావు